పచ్చళ్ల జాడీ, పింఛను ఖాతా
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ తరువాత ఇంటి నుంచి చిన్న వ్యాపారం నడపడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ట్రెజరీలో పింఛను బిల్లులు చూసినదాన్ని. విజయవాడలో మా ఇంటి నుంచి పన్నెండేళ్లుగా పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నాం. కాబట్టి ఉపన్యాసం మాని, లెక్కలు చెప్తాను.

ముందుగా డబ్బు సంగతి. రిటైరైన నెలలో చేతికొచ్చే మొత్తాన్ని చూడగానే చాలామందికి వ్యాపారం గుర్తుకొస్తుంది. మనకు గుర్తుకు రాకపోతే బంధువులు గుర్తు చేస్తారు. కమ్యుటేషన్ సొమ్ము బోనస్సు కాదు. మన పింఛనులో 40 శాతం దాకా ముందుగానే అమ్ముకుంటే వచ్చిన డబ్బది. ఆ కోత 15 ఏళ్లకు గానీ తీరదు. అరవై ఏళ్లకు తీసుకున్నవారికి పూర్తి పింఛను మళ్లీ డెబ్భై ఐదేళ్లకు వస్తుంది. ఆ సొమ్ముతో సామాను, ఫ్రిజ్జులు, అద్దె దుకాణం అని మొదలుపెట్టి, రెండేళ్లలో షట్టరు దించిన ఇళ్లు మన సంఘంలోనే ఉన్నాయి. పేర్లు అక్కర్లేదు. మా ఇంట్లో పెట్టుకున్న కట్టు ఒకటే. మొదటి ఏడాది పెట్టుబడి ఒక నెల పింఛనుకు మించకూడదు. అది మొత్తం పోయినా ఇంట్లో పొయ్యి వెలగాలి. అంతకు మించి కావాలంటే 2015లో మొదలైన ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 దాకా పూచీకత్తు లేని అప్పు ఉంది. అప్పయినా సరే, కమ్యుటేషన్ సొమ్ము ముట్టుకోవడం కన్నా అదే నయమని నా అభిప్రాయం.

ఇక ఆవకాయ. ఇది వినడానికి తేలిక వ్యాపారం, లెక్కలో కష్టమైన వ్యాపారం. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి జల్లు దాకా, గట్టిగా ఆరేడు వారాలు. ఆ లోపలే నున్న మార్కెట్టులో కాయ కొనాలి, గుంటూరు కారం, ఆవపిండి, ఉప్పు, పప్పునూనె అన్నీ తెచ్చుకోవాలి. కాయ కొట్టే మనిషికి కూలి ఆ రోజే ఇవ్వాలి. టెంక పట్టిన కాయ కావాలి. తడి తగిలితే జాడీ మొత్తం బూజు. మూడో నాడు తిరగకలిపి ఉప్పు చూసుకోవాలి. ఇదంతా మనకు తెలిసిన పనే. తెలియనిది ఏమిటంటే, మే నెలలో పెట్టిన రూపాయి మళ్లీ మన చేతికి తిరిగి రావడానికి ఒక్కోసారి మరుసటి సంక్రాంతి దాటుతుంది. ఆ ఎనిమిది నెలలు ఇంట్లో జాడీలు నిండుగా ఉంటాయి, పర్సు ఖాళీగా ఉంటుంది. అందుకే మేము పొడులు కలుపుకున్నాం. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి నెలనెలా చేస్తాం, నెలనెలా అమ్ముతాం. పేరు ఆవకాయది, ఇల్లు గడిపేది కందిపొడి.

ఆవకాయ డబ్బు ఇరుక్కోకుండా ఇంకో పని చేస్తాం. ఉగాది వెళ్లగానే పాతవారందరికీ కబురు పంపి ముందస్తు ఆర్డర్లు తీసుకుంటాం. సగం సొమ్ము ముందు, సగం అందాక. వచ్చిన ఆర్డర్లకు పైన పదిశాతం మించి కలపం. జూలైలో ఎవరైనా అడిగితే అయిపోయిందని చెప్తాం. మొదట్లో అలా చెప్పడానికి ప్రాణం ఒప్పేది కాదు. కానీ అయిపోయిందని విన్నవారే మరుసటేడు అందరికన్నా ముందు ఫోను చేస్తారు.

ధర దగ్గర మనవాళ్లు చేసే లెక్క వింటే నాకు పాత ఆడిట్ పేరాలు గుర్తొస్తాయి. మాట వరసకు ఒక కిలో తీసుకోండి. కాయ, నూనె, కారం, ఆవ, ఉప్పు కలిపి 220 అయిందనుకుందాం. అమ్మకం 350. "కిలోకు 130 మిగులు" అంటారు పక్కింటివారు. సీసా, మూత, లేబులు 25. గ్యాసు, బండికూలి 15. అంటే ఖర్చు 260, మిగిలేది 90. దుకాణంలో పెడితే వాళ్లు నూటికి ఇరవై అడుగుతారు, అది 70. మిగిలింది 20. ఇరవై సీసాల్లో ఒకటి ఒలికిందంటే ఆ నష్టం తక్కిన వాటి మీద తలా 14 రూపాయలు పడుతుంది. చివరికి ఆరు రూపాయలు. అందులో మన నడుము నొప్పికి కూలి ఎక్కడా లేదు. దుకాణాలకు వెయ్యొద్దని కాదు. ఇంటి దగ్గర అమ్మే ధరకు దుకాణానికి వేస్తే ఆరు రూపాయల కోసం మే నెల ఎండలో నిలబడ్డట్టు.

దుకాణాలకు ఇంకో రోగం అరువు. "సరుకు పోయాక ఇస్తాం" అంటారు. సరుకు పోతుంది, డబ్బు రాదు. దీనికి చట్టం ఒకటుందని చాలామందికి తెలియదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం కొన్నవారు 15 రోజుల్లో చెల్లించాలి, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠం 45 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. దీనికి 2020 జూలై నుంచి వచ్చిన ఉద్యమ్ నమోదు చేయించుకోవాలి. అది ఉచితం. వెయ్యి, రెండు వేలు పుచ్చుకుని చేయిస్తామనేవారిని ఇంటి గడప ఎక్కనివ్వకండి. పది సీసాల బాకీ కోసం ఎవరూ కౌన్సిలు దాకా వెళ్లరు, నిజమే. కానీ ఉద్యమ్ సంఖ్య అచ్చువేసిన బిల్లు మీద గడువు తేదీ కూడా ఉంటే, అవతలివారి మాట తీరు మారుతుంది.

అరువు కన్నా పెద్ద రోగం మొహమాటం. మన ఖాతాదారుల్లో సగం మంది పాత సహోద్యోగులు, మిగతా సగం చుట్టాలు. "అమ్మా, రుచి చూద్దామని" అని కిలో పట్టుకెళ్లేవారుంటారు. మా వదినగారొకరు ఏటా రెండు కిలోలు తీసుకుని, డబ్బు అడగనిస్తే కదా, బదులుగా చీరపెట్టి వెళ్లేవారు. చీర మంచిదే, దానితో నూనె రాదు. అందుకని వంద గ్రాముల చిన్న సీసాలు కొన్ని విడిగా ఉంచుతాం. రుచికి అడిగినవారికి అది ఉచితం, నవ్వుతూ ఇస్తాం. అంతకు మించితే ఎవరికైనా ధరే. ఏడాదికి ఎన్ని చిన్న సీసాలు పోయాయో ప్రచారం ఖర్చు కింద రాస్తాను. పత్రికలో ప్రకటన వేసినా అంతకన్నా ఎక్కువే అవుతుంది, ఫలితం ఇంతుండదు.

ప్రచారం అంటే మా ఇంట్లో ఒక నోటుపుస్తకం. పేరు, ఊరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఏమన్నారు. "కారం తగ్గించాలి", "వెల్లుల్లి వద్దు", "బెల్లం ఆవకాయ అత్తగారికి". మరుసటేడు ఫోను చేసినప్పుడు ఆ మాట మనమే ముందు అంటే అవతలి గొంతు మారిపోతుంది. ఇప్పుడు వాట్సాప్‌లో ఒక్కసారికే రెండు వందలమందికి పంపవచ్చు. అయినా నేను పాతవారికి ఒక్కొక్కరికీ విడిగానే రాస్తాను. అందరికీ పంపిన కబురు ఎవరూ తమదనుకోరు. పొద్దున్నే గులాబీల బొమ్మలు పంపే అలవాటున్న సోదరులు క్షమించాలి.

పిల్లలు దూరమయ్యాక మార్కెట్టు కూడా దూరమవుతుంది. హైదరాబాదులో అబ్బాయి స్నేహితులు, బెంగుళూరులో కోడలి ఆఫీసువాళ్లు అడుగుతారు. ఇక్కడొక చిక్కుంది, జాగ్రత్తగా వినండి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల అమ్మకం ఏటా 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు అని అందరం విన్నాం. అది సొంత రాష్ట్రంలో అమ్మేవారికి. పన్ను పడే సరుకును మరో రాష్ట్రానికి అమ్మితే, చేతివృత్తుల వస్తువుల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, మొదటి సీసా నుంచే నమోదు కావాలి. 2014 జూన్ 2 దాకా విజయవాడ నుంచి హైదరాబాదుకు పంపినది ఇంటిలోపలి సరుకు. ఆ తరువాత అది పరాయి రాష్ట్రం. అబ్బాయికి ప్రేమగా పంపేది అమ్మకం కాదు. అబ్బాయి పంచిపెట్టి డబ్బు వసూలు చేస్తే అమ్మకం. నమోదయితే నెలనెలా లేదా మూడు నెలలకోసారి లెక్క దాఖలు చేయాలి. అది మోయగలమో లేదో ముందే తేల్చుకోవాలి. విదేశాల మాట ఇంకా తేలిక కాదు. చిన్న పార్సిళ్లకు అమెరికా ఇచ్చే సుంకం మినహాయింపు, 800 డాలర్ల లోపుది, 2025 ఆగస్టు 29తో పోయింది. మన చేతిలో లేని నిర్ణయాల మీద ఆధారపడే అమ్మకం మొత్తంలో పావు వంతు మించకుండా చూసుకోవడం మంచిది.

ఇల్లు మారినప్పుడు ఏమవుతుందో చెప్తాను. సొంత ఇంట్లో ఉన్నన్నాళ్లు మాకు మేడ ఉండేది. వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు అన్నీ ఎండేవి. అపార్టుమెంటుకు మారాక మేడ అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర, ఆక్షేపణ మూడో అంతస్తు నుంచి. ఎండబెట్టే సరుకులన్నీ మానేశాం. అమ్మకంలో మూడో వంతు ఒక్క వేసవిలో పోయింది. వేయించి కొట్టే పొడులు పెంచి రెండేళ్లలో పూడ్చుకున్నాం.

లిజ్జత్ అప్పడాలవారి మొదటి రోజుల సంగతి నాకు అప్పుడు ధైర్యమిచ్చింది. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాంలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి మొదలుపెట్టారు. మొదటి ఏడాది అమ్మకం 6,196 రూపాయలు. ఆ ఏడు వానలకు అప్పడం ఎండక నాలుగు నెలలు పని ఆపేశారు. మరుసటేడు మంచం మీద అప్పడాలు పరిచి, మంచం కింద పొయ్యి పెట్టి ఆరబెట్టారు. ఆ ఏడుగురిలో ఒకరైన జశ్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. నాకు పద్మశ్రీ కన్నా ఆ నాలుగు నెలలు ఆపడం గొప్పగా తోస్తుంది. ఆపితే పేరు పోతుందన్న భయంతో సగం ఎండిన అప్పడం అమ్మి ఉంటే ఈ రోజు వారి మాట మనం చెప్పుకునేవాళ్లం కాదు.

మన వయసులో ఆపాల్సిన సందర్భాలు వస్తూనే ఉంటాయి. మోకాలి ఆపరేషను, కోడలి పురుడు, ఆర్నెల్లు పిల్లల దగ్గర. 2020 మార్చి 25న దేశమంతా మూతపడినప్పుడు మా దగ్గర ముందస్తు సొమ్ము ఉంది, కొరియరు లేదు. ప్రతి ఒక్కరికీ ఫోను చేసి, డబ్బు వెనక్కి పంపమంటారా, దారులు తెరిచాక సీసా పంపమంటారా అని అడిగాం. ఎక్కువమంది సీసాయే అడిగారు. ఆ సొమ్ము పింఛను ఖాతాలో కలిసిపోయి ఉంటే ఫోను చేయడానికి నోరు వచ్చేది కాదు. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా ఉండాలనడం అందుకే. పింఛను పడే ఖాతాకు వ్యాపారపు క్యూఆర్ కోడ్ అంటించకండి.

చివరి సంగతి కొంచెం బరువైనది, అయినా పింఛనుదారుల సభలో చెప్పకపోతే మరెక్కడ చెప్పాలి. సాధారణంగా పింఛను చివరి జీతంలో సగం, కుటుంబ పింఛను 30 శాతం. వంద వచ్చే ఇంట్లో అరవై వస్తుంది, మనిషి లేని ఇంట్లో ఖర్చు అంతగా తగ్గదు. ఆ లోటు పూడ్చేది చాలా ఇళ్లలో ఈ పచ్చళ్లే. కానీ వంట ఆమెది, కాగితాలు ఆయన పేరు మీద. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఆయన ఏప్రిల్ మొదట్లో పోయారు. ఆహార భద్రత నమోదు ఆయన పేరున, బ్యాంకు ఖాతా ఆయన పేరున, కొరియరు ఒప్పందం ఆయన పేరున, ఫోనులోని ఖాతాదారుల నంబర్లు ఆమెకు తెలియని రహస్య సంఖ్య వెనుక. ఆర్డర్లు మాత్రం వస్తున్నాయి.

ఆ నమోదు సంగతిలో 2011 నిబంధనలు ఒక వెసులుబాటు ఇచ్చాయి. నమోదు ఉన్నవారు మరణిస్తే అది 90 రోజుల పాటు వారసులకు చెల్లుతుంది. ఆ లోపల దరఖాస్తు పెట్టి తమ పేరున మార్పించుకోవాలి. కర్మకాండలు, కుటుంబ పింఛను కాగితాలు ముగిసేసరికి ఆ 90 రోజులు సగానికి పైగా కరిగిపోతాయి. ఆమెకు ఆ సంగతి ఎనభయ్యో రోజు నాటికి తెలిసింది. మా ట్రెజరీ పాత మిత్రుడొకరు వెంట వెళ్లి దరఖాస్తు పెట్టించారు. ఆ వేసవి ఆవకాయ పోయింది. దసరా నాటికి పొడులు మొదలుపెట్టారు, ఇప్పుడు కోడలు కూడా చేయి వేస్తోంది.

కాబట్టి చిన్న నమోదు అయినా చేసేవారి పేరునే చేయించండి. 2011 నిబంధనల్లో ఏటా 12 లక్షల లోపు అమ్మకానికి లైసెన్సు అక్కర్లేదు, నమోదు చాలన్నారు, రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఇలాంటి అంకెలు మారుతుంటాయి, దరఖాస్తు రోజున సరిచూసుకోండి. ఖాతాకు నామినీ పెట్టండి. లేబులు మీద శాకాహారపు ఆకుపచ్చ చుక్క, దినుసులు, నికర బరువు, ధర, తయారైన తేదీ, వాడదగిన గడువు, నమోదు సంఖ్య, చిరునామా ఉండాలి. ఫోనులోని నంబర్లన్నీ కాగితం మీద కూడా రాసి, ఇంట్లో ఇద్దరికి తెలిసిన చోట పెట్టండి.

భోజన విరామంలో తలుపు పక్క బల్ల దగ్గర ఉంటాను. దరఖాస్తు నకలు, లేబులు నమూనా, నోటుపుస్తకం తెచ్చాను. సీసాలు తేలేదు, అమ్ముకోవడానికే వచ్చిందంటారని.