మొదటి పాఠము

1528వ సంవత్సరము ఆకురాలు కాలములో మార్టిన్ లూథరు జర్మనీ దేశములోని సాక్సనీ పల్లెలకు, అచ్చటి క్రైస్తవ సంఘముల స్థితిని పరిశీలించుటకై బయలుదేరినారు. అప్పటికి ఆయన విటెన్‌బర్గ్‌లో తన 95 సిద్ధాంతములను ప్రకటించి 11 సంవత్సరములు గడచినవి. విశ్వవిద్యాలయములలోను, రాజసభలలోను ఆయన వాదములు మారుమ్రోగుచుండెను. కాని పల్లెలలో ఆయనకు కనిపించినది వేరు. పది ఆజ్ఞలు తెలియనివారు, ప్రభువు ప్రార్థనయైనను రానివారు అచ్చట అనేకులు. వారికి బోధింపవలసిన గురువులలో కూడ ఆ శక్తి లేనివారుండిరి. అయినను అందరును బాప్తిస్మము పొందినవారే, అందరును క్రైస్తవులే.

ఈ లోపమునకు లూథరు వెదకిన మందు మరియొక వాదగ్రంథము కాదు. 1529లో ఆయన ఒక చిన్న ప్రశ్నోత్తరిని వ్రాసినారు. అందలి పాఠములు మొదట గోడకు తగిలించుకొనదగిన కాగితములుగా అచ్చయినవి. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన అందులో ముఖ్యములు. వానితోపాటు బాప్తిస్మమును, ప్రభు భోజనమును గూర్చిన పాఠములు కలవు. ఒక్కొక్క వాక్యము చెప్పి, దీని అర్థమేమని అడుగుట, దానికి పొట్టి సమాధానమిచ్చుట, ఇదే ఆ పుస్తకపు పద్ధతి. ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పుటకు వీలుగా అది కూర్చబడినది. ఒకసారి ఒక మాట, మరియొకసారి వేరొక మాట చెప్పి పిల్లలను కలవరపెట్టక, ఏటేట అవే మాటలతో నేర్పవలెనని లూథరు గురువులను హెచ్చరించినారు. మాటలు వచ్చిన పిమ్మట అర్థము, అర్థము తెలిసిన పిమ్మట విస్తారమైన బోధ. కంఠస్థముతో ఆగిపొమ్మని ఆయన చెప్పలేదు.

ఆ సమాధానములు ఎంత దూరము పోవునో చూడుడు. అనుదినాహారము కొరకైన ప్రార్థనకు అర్థము చెప్పునప్పుడు ఆయన అన్నముతో ఆగలేదు. బట్ట, ఇల్లు, పొలము, మంచి ప్రభుత్వము, అనుకూలమైన వాతావరణము, నమ్మదగిన ఇరుగుపొరుగు, అన్నిటిని అందులో చేర్చినారు. అబద్ధసాక్ష్యమును గూర్చిన ఆజ్ఞకు, అబద్ధమాడకుండిన చాలునని చెప్పలేదు. పొరుగువాని పక్షమున మాటాడవలెను; అతడు చేసిన పనికి వీలైనంత మంచి అర్థమునే తీయవలెను. ఆజ్ఞను వల్లించుటకు నిమిషము పట్టదు. మనకు గిట్టనివాని విషయములో దానిని పాటించుటకు జీవితకాలము చాలదు. సరళమైనది సులభమైనది కాదు.

పెద్దలకు ఇది చిన్నతనముగ తోచవచ్చును. అదే సంవత్సరము వెలువడిన పెద్ద ప్రశ్నోత్తరి పీఠికలో లూథరు దీనికి జవాబు చెప్పినారు. తాను పండితుడయ్యును, బోధకుడయ్యును, దినదినము పసివానివలె ఈ పాఠములను చదువుకొందునని ఆయన ఒప్పుకొన్నారు. తెలియనివానికి నేర్పవచ్చును. అన్నియు తెలిసినవని తలచువానికి నేర్పుటయే కష్టము.

ఈ చిన్న పుస్తకమునకు మన భాషతోను సంబంధము కలదు. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చిన జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్ దీనిని తెనిగించి, 1746లో జర్మనీలోని హాలే నగరమున అచ్చువేయించినారు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకములలో ఇది ఒకటి. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరినది 1842లో. అప్పటికి దాదాపు నూరేండ్ల క్రిందటనే ఈ పాఠము తెలుగు అక్షరములను ధరించినది.

నేడు మన ఇండ్లలో గ్రంథములకు కొరత లేదు. ప్రసంగములు వినుచున్నాము, పండుగలు ఘనముగ చేసికొనుచున్నాము. కాని రాత్రి ప్రార్థన ముగిసిన తరువాత ఇంటిలోని పసివాడెవడైన మన ముఖము చూచి, ఇప్పుడు చెప్పిన మాటకు అర్థమేమని అడిగిన, మనము ఏమి చెప్పగలము? ఆ ప్రశ్నకు తడుముకొన్ననాడు సిగ్గుపడనక్కరలేదు. వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మొదటి పాఠమును వానితో కలిసి మరల మొదలుపెట్టవలెను.