మేనమామ వేసిన లెక్క

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఇంజనీరింగ్‌లో అవకాశాల గురించి మాట్లాడమన్నారు. పోయిన నెల ఫోనులో మాటల మధ్య, మన సంఘం ఉపకార వేతనం అందుకుంటున్న వాళ్ళలో ముగ్గురు అమ్మాయిలు నర్సింగ్ చదువుతున్నారని, ఒకమ్మాయి ఈ ఏడే జీఎన్ఎం పూర్తిచేస్తోందని చెప్పారు. అప్పుడే విషయం మార్చుకుంటానని అడిగాను. థర్మల్ స్టేషన్‌లో బాయిలర్లు చూసుకునే వాడికి నర్సింగ్ గురించి ఏం తెలుసని మీకు అనిపించవచ్చు. నాకు తెలిసింది ఒక్క అమ్మాయి ఉద్యోగం సంగతి. అది కూడా నేను తప్పుడు సలహా ఇచ్చి తెలుసుకున్నది.

మా చెల్లెలి కూతురు ఇంటర్ బైపీసీ తర్వాత జీఎన్ఎంలో చేరింది. అది మూడేళ్ళ కోర్సు. బీఎస్సీ నర్సింగ్ అయితే నాలుగేళ్ళు, ఫీజులూ ఎక్కువ. వాళ్ళ నాన్న కౌలు రైతు. అందుకని ఆ పిల్ల ముందే ఒక దారి గీసుకుంది. జీఎన్ఎం అయ్యాక ఒక ఏడాది పనిచేసి నాలుగు డబ్బులు దాచుకోవాలి, ఆ తర్వాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదవాలి. డిప్లొమా కాస్తా డిగ్రీ అవుతుంది.

2018లో చదువు అయిపోయి, కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకునే సరికి మూడు చోట్ల ఉద్యోగం ఇస్తామన్నారు. ఒకటి హైదరాబాద్‌లో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి. జీతం 14,000, హాస్టల్ ఇస్తారు. రెండోది మన ఊరి పక్క పట్నంలో 30 పడకల నర్సింగ్ హోమ్, 10,000. ఇంటి నుంచి బస్సులో వెళ్ళి రావచ్చు. మూడోది 150 పడకల మిషన్ ఆసుపత్రి. జీతం 9,500, క్వార్టర్స్, భోజనం.

ఇంజనీర్‌ని కదా, ఎక్సెల్ తెరిచాను. జీతానికి ఇన్ని మార్కులు, వసతికి ఇన్ని, ఆసుపత్రి పేరుకి ఇన్ని, ఊరికి ఇన్ని అని వేసి కూడితే కార్పొరేట్ ఆసుపత్రి మిగతా రెండింటికీ అందనంత ఎత్తున కూర్చుంది. ఆ కాగితం ప్రింటు తీసి మరీ ఇచ్చాను. అమ్మాయి దాన్ని చూసి, "మామయ్యా, అక్కడ రెండేళ్ళకు బాండు రాయమంటున్నారు. ఒరిజినల్స్ కూడా ఇవ్వాలట" అంది.

"ఎవరైనా అడుగుతారమ్మా. మా కంపెనీలోనూ చూశారు" అన్నాను.

"చూడటం వేరు, ఉంచుకోవడం వేరు కదా మామయ్యా."

ఆ మాట నా చెవికి ఎక్కలేదు. రెండేళ్ళు ఎంతలో గడుస్తాయి అన్నాను. తన లెక్కలో ఉన్నది ఒక్క ఏడాదేనన్న సంగతే మర్చిపోయాను. మేనమామ మాట కాదనలేక వెళ్ళి చేరింది.

చేరిన రెండో వారమే ఐసీయూలో రాత్రి డ్యూటీ వేశారు. వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు ఉండాలన్నది కొలత. ఆ పిల్లకు ముగ్గురు రోగుల్ని అప్పజెప్పారు. తెల్లవారుజామున మూడు గంటలకు ఒక పెద్దాయన మంచం దగ్గర సిరంజి పంపు కూయడం మొదలుపెట్టింది. బీపీ నిలబెట్టడానికి ఎక్కిస్తున్న నారడ్రినలిన్ అయిపోవస్తోంది. అలాంటి మందు అయిపోయే దాకా ఆగకూడదట, రెండో సిరంజి ముందే కలిపి పక్కన పెట్టుకోవాలట. ఆ సంగతి కొత్తపిల్లకు ఎవరూ చెప్పలేదు. మానిటర్ మీద అంకెలు దిగిపోతుంటే అవతలి వరసలో ఉన్న మలయాళీ సిస్టర్ పరుగెత్తుకొచ్చి సిరంజి మార్చింది. పెద్దాయన బతికాడు. పొద్దున్న ఆరింటికి నాకు ఫోను వచ్చింది. అయిదు నిమిషాల పాటు ఏడుపు తప్ప మాట లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కంట్రోల్ రూమ్‌లో నెలల తరబడి ఏ బటన్ మీదా చెయ్యి వెయ్యనివ్వలేదు. షిఫ్ట్ ఇన్‌చార్జి గారి వెనక నిలబడి లాగ్ బుక్ రాయడమే నా పని. ఒక యంత్రం దగ్గర నన్ను ఒంటరిగా వదలడానికి మా వాళ్ళు అన్ని నెలలు ఆగారు. మరి మనుషుల ప్రాణాల దగ్గర మా పిల్లను ఎన్నాళ్ళకు వదులుతారో నేనెందుకు అడగలేదు? నా ఎక్సెల్‌లో ఆ గడే లేదు.

అసలు దెబ్బ మరుసటి ఏడు తగిలింది. ప్రభుత్వ కాలేజీలో పోస్ట్ బేసిక్ సీటుకు కౌన్సెలింగ్ పిలుపు వచ్చింది. ఒరిజినల్స్ తీసుకుని రమ్మన్నారు. అవి ఆసుపత్రి బీరువాలో ఉన్నాయి. నేనే వెళ్ళి హెచ్ఆర్ ఆఫీసు బయట బెంచీ మీద రెండు పూటలు కూర్చున్నాను. బాండు డబ్బు కట్టండి, లేదా రెండేళ్ళు పూర్తిచేయండి అన్నారు. వాళ్ళు అడిగిన మొత్తం ఆ పిల్ల అప్పటిదాకా దాచుకున్న దానికి రెండింతలు. నేను కడతానన్నాను. "వద్దు మామయ్యా, ఆ డబ్బు వాళ్ళకివ్వడం నాకిష్టం లేదు" అంది. సీటు పోయింది.

నర్సుల చేత బాండు రాయించుకోవద్దని భారత నర్సింగ్ కౌన్సిల్ 2011లోనే చెప్పింది. ఆ సంగతి ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. ఇక్కడున్న నా బ్యాచ్ వాళ్ళకు తెలుసు, నేను బీటెక్ చదవలేదు. పాలిటెక్నిక్ డిప్లొమాతో చేరి, షిఫ్టులు చేస్తూ ఏఎంఐఈ రాశాను. సెక్షన్ ఏ, సెక్షన్ బీ అని ఒక్కో పేపరూ లాక్కుంటూ వచ్చాను. నా పరీక్షలప్పుడు మా షిఫ్ట్ ఇన్‌చార్జి గారు నా రాత్రి డ్యూటీలు తాను చేసేవారు. ఆ ఒక్క మనిషి లేకపోతే నేను ఇవాళ ఇంజనీర్‌నని చెప్పుకునే వాడిని కాదు. ఉద్యోగం చేస్తూ చదువుకోవడం అంటే ఏమిటో తెలిసిన వాడిని, అయినా జీతం గడికే ఎక్కువ మార్కులు వేశాను.

న్యాయంగా మాట్లాడుకుంటే ఆ రెండేళ్ళూ వృథా కాలేదు. వెంటిలేటర్, ఏబీజీ, పంపులు అన్నీ చేతికి వచ్చాయి. కోవిడ్ మొదటి వేవ్‌లో పీపీఈ కిట్టులో ఆరేసి గంటలు నిలబడింది. ఇంకో లాభం కూడా ఉంది, అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు నార్‌సెట్ అనే పరీక్ష పెడతారు. బీఎస్సీ వాళ్ళకు అనుభవం అడగరు. జీఎన్ఎం వాళ్ళకు మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం ఉండాలి. ఇంటికి దగ్గరని ఆ 30 పడకల నర్సింగ్ హోమ్‌లో చేరి ఉంటే పదేళ్ళు చేసినా ఆ పరీక్షకు ఒక్క రోజు కూడా లెక్కకు రాదు. అంటే నా ఎక్సెల్ కొట్టేసిన రెండు ఉద్యోగాల్లో ఒకదాన్ని సరిగ్గానే కొట్టేసింది, కానీ కారణం తెలిసి కాదు.

బాండు తీరి కాగితాలు చేతికొచ్చాక నన్ను సలహా అడగలేదు. ఇక ముందు ఉద్యోగమూ చదువూ కలిపే చెయ్యాలనుకుంది. ఒక కాలేజీ వాళ్ళు ఫోను చేసి, ఫీజు కట్టి ఊరుకోండి, అటెండెన్స్ మేం వేసుకుంటాం, పరీక్షలకు వస్తే చాలన్నారు. రెగ్యులర్ కోర్సును అలా అమ్ముతున్నారు. "క్లాసుకు వెళ్ళకుండా పాసైన నర్సు చేత నువ్వు సెలైన్ పెట్టించుకుంటావా మామయ్యా?" అని నన్నే అడిగింది. పని చేస్తున్న నర్సుల కోసం ఇగ్నోలో మూడేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. జీఎన్ఎం, రిజిస్ట్రేషన్, ఆపైన రెండేళ్ళ అనుభవం ఉంటే ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఇంట్లో పుస్తకాలు చదువుకుంటే అయిపోయే కోర్సు కాదు, స్టడీ సెంటర్‌కు వెళ్ళి థియరీ క్లాసులు, ఆసుపత్రిలో ప్రాక్టికల్స్ చెయ్యాలి. ఆ రోజులకు సెలవు ఇచ్చే ఉద్యోగం కావాలి.

అప్పుడు గుర్తొచ్చింది, నేను 9,500 అని పక్కన పెట్టేసిన మిషన్ ఆసుపత్రి. ఇంటర్వ్యూకు ఒక కాగితం రాసుకుని వెళ్ళింది. కొత్త వార్డులో మొదటి నెల నా పక్కన ఎవరుంటారు? డ్యూటీ చార్టు ఎన్ని రోజుల ముందు వేస్తారు? ప్రాక్టికల్స్ రోజులకు డ్యూటీ మార్చుకోనిస్తారా, ఆ మాట కాగితం మీద ఇస్తారా? ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగిస్తారా? మానేసినప్పుడు ఇచ్చే అనుభవ పత్రంలో ఏ వార్డులో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశానో, ఆసుపత్రికి ఎన్ని పడకలో రాస్తారా? మేట్రన్ గారు ఆ కాగితం తీసుకుని చదివి, కళ్ళజోడు తీసి, "ఇన్నేళ్ళలో మమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన పిల్లవి నువ్వే" అని నవ్వి కుర్చీ చూపించారట.

అక్కడ జీతం కార్పొరేట్‌లో ఆఖరున వచ్చిన దానికంటే తక్కువే. మూడేళ్ళలో రెండుసార్లు చార్టు కుదరక గొడవ కూడా అయింది, అంతా సుఖంగా జరిగిందని చెప్పను. డిగ్రీ మాత్రం చేతికొచ్చింది. నార్‌సెట్ ఒకసారి రాసి కొద్దిలో పోగొట్టుకుంది, మళ్ళీ చదువుతోంది.

చివరగా ముందు వరసలో కూర్చున్న మన డాక్టర్ మిత్రులతో ఒక మాట. మీలో సొంత ఆసుపత్రులు నడుపుతున్న వాళ్ళున్నారు, నాతో పాటు ఇదే బడిలో నేల బెంచీల మీద కూర్చుని చదివిన వాళ్ళున్నారు. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016లో కమిటీ వెయ్యమంది. 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000కు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. అంత ఇవ్వగలరో లేదో మీ లెక్కలు మీకుంటాయి, దాని మీద సాయంత్రం టీ దగ్గర పోట్లాడుకుందాం. సర్టిఫికెట్లు తిరిగివ్వడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. మీ బీరువాల్లో ఎవరివైనా ఒరిజినల్స్ ఉంటే సోమవారం తీసి ఇచ్చేయండి.

మన సంఘానికి కూడా ఒక విన్నపం. ఉపకార వేతనం కోర్సు అయిపోవడంతో ఆపేస్తున్నాం. రిజిస్ట్రేషన్ ఫీజు, పరీక్ష ఫీజులు, ఇంటర్వ్యూలకు ప్రయాణాలు, అన్నీ ఆ తర్వాతి ఆరు నెలల్లోనే వస్తాయి. జీతం గీతం చూడకుండా దొరికిన చోట సంతకం పెట్టేది కూడా అప్పుడే. ఆ ఆరు నెలలు పొడిగిస్తే నా వాటా ఇప్పుడే రాసిస్తాను.

మా మేనకోడలికి ఇవాళ డ్యూటీ, రాలేకపోయింది. తన ప్రశ్నల కాగితం జిరాక్సులు ఇరవై పంపింది. బయట రిజిస్టర్ ఉన్న బల్ల మీద పెట్టాను. నా ఎక్సెల్ తేలేదు.

సెలవు.