వెతుకులాట ఖర్చు



జంతువు ఎంత పెరుగుతుందో మేత ఒక్కటే తేల్చదు. ఆ మేతను వెతకడానికి, పట్టడానికి అయిన ఖర్చు పోగా ఒంట్లో మిగిలిందెంతో అది తేలుస్తుంది. నేలమీది మాంసాహారులను చూడండి. సుమారు 20 కిలోల లోపువి ఎక్కువగా పురుగులు, ఎలుకల వంటి చిన్న ప్రాణులతో బతుకుతాయి. ఆ హద్దు దాటినవి తమకు దీటైన వేట మీదికి మళ్లుతాయి. పరిశోధకుడు క్రిస్ కార్బోన్ బృందం 1999లో ఈ మలుపును చూపి, దానికి కారణం శక్తి లెక్కలో ఉందని వివరించింది. బరువు రెట్టింపైతే రోజువారీ శక్తి అవసరం దాదాపు 1.7 రెట్లవుతుంది, ఎలుకలను పట్టే వేగం మాత్రం ఆ మేరకు పెరగదు. పొద్దంతా తిరిగినా ఆ తిండితో పెద్ద ఒళ్లు నిలవదు. పోనీ పెద్ద వేటకు వెళితే, దాన్ని తరిమి పడగొట్టడానికే బోలెడు శక్తి కావాలి. అందుకే నేలమీద వేటాడి బతికే క్షీరదం బరువు టన్ను దగ్గరే ఆగిపోతుందని 2007లో కార్బోన్, సహచరులు అంచనా కట్టారు.

మరి నల్లమల ఎలుగుబంటి వంద కిలోలు తూగుతూ చెదలు తింటుంది కదా అని మీరు అడగవచ్చు. చెదలు పుట్టలో ఒక్కచోటే వేలల్లో దొరుకుతాయి. ఎలుగు పొడవాటి గోళ్లతో పుట్ట తవ్వి, వాటిని నోటితో పీల్చేస్తుంది. పైగా ఇప్పపువ్వు, పండ్లు, తేనె ఉండనే ఉన్నాయి. నీలి తిమింగలం ఇంకా గట్టి ప్రశ్న. వంద టన్నులు దాటే ఆ జీవి తినేది రొయ్యను పోలిన వేలెడంత క్రిల్. అయితే క్రిల్ గుంపులు గుంపులుగా ఉంటుంది, తిమింగలం ఒక్క గుక్కలో గుంపునే మింగుతుంది. ఒక్కోదాన్నీ విడిగా వెతుక్కోవాల్సి వస్తే అంత శరీరం అసాధ్యం. గుంపు మరీ పలచబడితే నోరు తెరిచి దూకిన శ్రమ కూడా తిరిగి రాదు. కనుక ఈ రెండూ నా వాదనను కొట్టివేసే ఉదాహరణలు కావు, బలపరిచేవే.

పెరుగుదల జన్యువుల్లోనే ఉందనే మాటా వింటుంటాం. జన్యువులు గరిష్ఠ హద్దును గీస్తాయి, నిజమే. ఆ హద్దును అందుకోవడం రోజువారీ మిగులును బట్టి ఉంటుంది. రాయలసీమ ఎండల్లో గడ్డి కోసం, నీళ్ల కోసం మైళ్లు నడిచే గొర్రెపిల్ల, తిన్నదానిలో చెప్పుకోదగ్గ వాటాను కాళ్లకే ఇచ్చేస్తుంది. దాని బక్కతనానికి జాతినో, కాపరినో తప్పుపట్టడం అన్యాయం.

ఈ రోజు పశువైద్య పట్టాలు అందుకుంటున్న యువమిత్రులారా, రేపు మీ ముందుకు అలాంటి పిల్ల వస్తే నట్టల మందు రాయండి, తప్పకుండా రాయండి. దాంతోపాటు అది రోజుకు ఎంత దూరం నడుస్తోందో కాపరిని అడిగి, కేసు కాగితంలో నమోదు చేయండి.