వేరుశనగ చేను, వైరస్ తెగులు, జన్యు సవరణ

మొక్కల వైరస్‌లను జన్యు సవరణతో ఎదుర్కోవడం నేటి ప్రసంగాంశం. పద్ధతి, ఫలితాలు, చట్టం అనే మూడు భాగాలుగా దీన్ని నడపాలన్నది సంకల్పం.

అయితే అమెరికాలో వేరుశనగ అత్యధికంగా పండే జార్జియాలో, అదీ జిమ్మీ కార్టర్ వంటి వేరుశనగ రైతును అధ్యక్షుణ్ణి చేసిన నేల మీద కొలువుతీరిన తెలుగు సభలో, అనంతపురాన్ని తలవకుండా ముందుకు సాగడం భావ్యం కాదు. 2000 ఖరీఫ్‌లో ఆ జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను కాండం కుళ్ళు తెగులు పట్టింది. లేత ఆకుల మీద మచ్చలు లేచి, కాడల మీదుగా కాండానికి దిగి, మొక్కలు నిలువునా ఎండిపోగా, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు. తొలుత పాత మొవ్వుకుళ్ళు తెగులే మళ్ళీ వచ్చిందనుకున్నా, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థకు చెందిన డి.వి.ఆర్. రెడ్డి తదితర శాస్త్రజ్ఞులు దీనికి కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. పైకి ఏ లక్షణమూ చూపని వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడిలో ఆ వైరస్ దాగి ఉండగా, ఆ పుప్పొడి వేరుశనగ ఆకుల మీద పడ్డాక, తామర పురుగులు అనే కంటికి ఆనని కీటకాలు ఆకును గీరినప్పుడు ఏర్పడే గాయాల గుండా అది లోపలికి చేరుతుంది. పూతకు రాకముందే వయ్యారిభామను పీకడం, చేను చుట్టూ జొన్న, సజ్జ వరుసలు వేయడం అప్పుడు సూచించిన నివారణ. నేడు ప్రయోగశాల పేరెత్తితే చెవులు నిక్కించేవారు గట్టు మీది కలుపు సంగతి వినిపించుకోరు.

ఇక్కడి జార్జియా రైతులను టొమాటో స్పాటెడ్ విల్ట్ వైరస్ వేధించినప్పుడు, 1990లలో టిఫ్టన్ పట్టణం నుంచి వచ్చిన జార్జియా గ్రీన్ రకం ఆదుకుంది; అది కేవలం సంకరణంతో, ఓపికగా చేసిన ఎంపికతో వచ్చిన రకం.

సంకరణం కాక జన్యు సవరణ పద్ధతి విషయానికి వస్తే, ప్రోటీన్ల తయారీకి మొక్క కణం మీదే ఆధారపడే వైరస్‌కు అందులోని కొన్ని ప్రోటీన్లు ఊతమిస్తాయి గనుక, ఆ ప్రోటీన్ల జన్యువులను క్రిస్పర్ అనే కత్తిరింపు సాధనంతో మారిస్తే వైరస్‌కు పట్టు దొరకదు. అలా ఊతమిచ్చే ప్రోటీన్లలో ఒకదానిదైన ఇఐఎఫ్4ఇ జన్యువును సవరించిన దోసకు మూడు వైరస్‌ల నుంచి రక్షణ లభించిందని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు చూపగా, 2018లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్64 అనే వరి రకంలో అలాంటిదే అయిన ఇఐఎఫ్4జి జన్యువును సవరించి టుంగ్రో తెగులుకు నిరోధం సాధించింది.

సమయం మించుతున్నందున చట్టం గురించి ఒక్క మాట. పరాయి డీఎన్ఏ మిగలని సవరణలను 2022 మార్చిలో భారత ప్రభుత్వం జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయించింది. 2025లో హైదరాబాదు నుంచి సాంబ మసూరి ఆధారంగా వచ్చిన కమల వరి ఈ కోవలోదే, కాకుంటే అది దిగుబడి కోసం చేసిన సవరణ. వేరుశనగలో ఇలాంటి సవరణ ఇంకా చిక్కు, ఎందుకంటే రెండు అడవి జాతుల కలయికతో పుట్టిన ఈ పంటలో చాలా జన్యువులు రెండేసి జతలుగా ఉండి, అన్ని ప్రతుల్లోనూ కత్తిరింపు పడాలి.