ముందస్తు పదవీ విరమణ: ఉక్కు పట్టణం నేర్పే పాఠాలు

వయోపరిమితి నిండిన రోజున ఉద్యోగి విధుల నుంచి తప్పుకోవడాన్ని పదవీ విరమణ అంటారు. ఆ పరిమితికి ఎన్నో ఏళ్ల ముందే, సంస్థ ప్రకటించిన పథకం ప్రకారం పరిహారం పుచ్చుకొని, తన ఇష్టంతో తప్పుకొంటే దానిని స్వచ్ఛంద పదవీ విరమణ అంటారు, వాడుకలో అది వీఆర్ఎస్. జాముల్, భిలాయి ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ మూడక్షరాలు కొత్తవి కావు. అయితే వీఆర్ఎస్ గురించి ఇళ్లలో జరిగే చర్చ చాలావరకు చేతికి ఎంత వస్తుందన్న లెక్క దగ్గరే ఆగిపోతుంది. ఉద్యోగం మనిషికి ఇచ్చేది జీతం ఒక్కటే కాదని, రోజుకో క్రమాన్ని, ఉండడానికి ఇంటిని, నలుగురిలో ఒక పేరును, పక్కన పనిచేసే తోటివారిని కూడా అదే సమకూరుస్తుందని, వీటిలో జీతానికి మాత్రమే పరిహారం దొరుకుతుందని, తక్కినవాటిని విరమించినవారు తమ చేతులతో తిరిగి కట్టుకోవలసి ఉంటుందని చూపడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఈ విషయాన్ని విచారించడానికి భిలాయి ఎంతో తగినది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా దుర్గ్ పక్కన ఉక్కు కర్మాగారం లేచింది; దాని తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. రాయ్‌పూర్ నుంచి రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం చేరే రైలుమార్గం అప్పటికే ఉండడంతో, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవారికి భిలాయి ఒక రాత్రి ప్రయాణమైంది. కర్మాగారానికి ఉత్తరాన ఉన్న జాముల్‌లో 1965లో ఏసీసీ సిమెంటు కర్మాగారం నెలకొన్నది. ఇనుము కరిగించినప్పుడు పైకి తేలే స్లాగ్, అంటే తెలుగులో చిట్టెం అనే లోహమలం, ఇక్కడ సిమెంటు తయారీకి ముడిసరుకైంది. ఒక కర్మాగారం వదిలేసినది మరొకదానికి ఆధారం కావడమనే ఈ సంగతి ఉపన్యాసం చివరలో మరొకసారి అవసరమవుతుంది.

ప్రభుత్వ రంగ సంస్థలలో స్వచ్ఛంద పదవీ విరమణకు కేంద్రం 1988 అక్టోబరులో నిబంధనలు రూపొందించింది. పదేళ్ల సర్వీసు గాని, నలభై ఏళ్ల వయసు గాని నిండినవారు దానికి అర్హులు. 1991 నాటి ఆర్థిక సంస్కరణల తరువాత ఉక్కు రంగంలో పోటీ పెరిగి, తక్కువ మందితో ఎక్కువ ఉత్పత్తి చేయవలసిన ఒత్తిడి వచ్చినప్పుడు, 1990ల చివరి నుంచి భిలాయి కర్మాగారాన్ని నడిపే సెయిల్ సంస్థ ఇలాంటి పథకాలను పలుమార్లు ప్రకటించింది. 2025లో విశాఖ ఉక్కు కర్మాగారంలో కూడా ఇదే పేరుతో పథకం వచ్చింది గనుక, ఈ చర్చ తెలుగునాట ఇప్పటికీ సజీవమైనదే.

కేంద్రం 2000 మే నెలలో అనుమతించిన పద్ధతిని గుజరాత్ పద్ధతి అంటారు. అందులో పూర్తయిన ప్రతి సర్వీసు సంవత్సరానికి 35 రోజుల జీతం, మిగిలి ఉన్న ప్రతి సంవత్సరానికి 25 రోజుల జీతం లెక్కకడతారు. ఇక్కడ జీతమంటే మూలవేతనం, కరువు భత్యం మాత్రమే. ఉదాహరణకు 24 ఏళ్ల సర్వీసు పూర్తిచేసి 48 ఏళ్ల వయసులో తప్పుకొనే ఉద్యోగికి, విరమణ వయసు 60 అనుకుంటే, గడచిన కాలానికి 840 రోజులు, మిగిలిన 12 ఏళ్లకు 300 రోజులు, మొత్తం 1,140 రోజుల జీతం, అంటే సుమారు 38 నెలల జీతం వస్తుంది. అతడు వదులుకున్నది 144 నెలల జీతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసి చూసుకోవడమే మొదటి పాఠం. ఎందుకంటే ఒకే రోజున బ్యాంకు ఖాతాలో పడిన పెద్ద మొత్తం సంపదలా కనిపిస్తుంది గాని, నిజానికి అది రాబోయే పన్నెండేళ్ల నెలసరి ఖర్చును ఒకేసారి చేతిలో పెట్టడం మాత్రమే.

దీనితోపాటు గ్రాట్యుటీ, భవిష్య నిధి, వాడుకోని సెలవుల సొమ్ము కూడా వస్తాయి. గ్రాట్యుటీ అంటే నెలకు 26 పనిదినాల లెక్కన ఏడాదికి 15 రోజుల జీతం. 1995 నవంబరులో మొదలైన ఉద్యోగుల పింఛను పథకం మాత్రం 58 ఏళ్లు నిండాకే పూర్తి పింఛను ఇస్తుంది. 50 దాటినవారు ముందుగా తీసుకోవచ్చు గాని, తగ్గిన ప్రతి ఏడాదికి నూటికి నాలుగు వంతుల చొప్పున పింఛను కోసుకుపోతుంది, ఆ కోత జీవితాంతం ఉంటుంది. అందువల్ల 48 ఏళ్లకు తప్పుకున్నవారికి జీతమూ లేక పూర్తి పింఛనూ లేక గడిచే పదేళ్ల ఖాళీ ఏర్పడుతుంది. ధరలు ఏడాదికి ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపవుతాయన్న సంగతి ఆ ఖాళీని ఇంకా లోతు చేస్తుంది. కూతురి పెళ్లి, సొంతూళ్లో ఇల్లు, కొడుకు వ్యాపారం, బంధువుల చేబదులు అన్నీ ఆ సొమ్ము వచ్చిన మొదటి ఏడాదిలోనే తలుపు తడతాయి. మొత్తాన్ని మూడు భాగాలు చేసి, ఒకటి నెలవారీ ఖర్చుకు, ఒకటి వైద్యానికి, ఒకటి కదపకూడని నిల్వకు కేటాయించి, మొదటి ఏడాది పెద్ద ఖర్చు ఏదీ తలపెట్టకపోవడం అనుభవజ్ఞులు చెప్పే క్షేమకరమైన దారి.

రెండవ పాఠం కాలానికి సంబంధించినది. ఉక్కు కర్మాగారంలో కాలాన్ని కొలిచేది గడియారం కన్నా షిఫ్టు. బ్లాస్ట్ ఫర్నేస్ పండుగకైనా ఆగదు గనుక పగటి షిఫ్టు, మధ్యాహ్నపు షిఫ్టు, నైట్ షిఫ్టు మారుతూ ఉంటాయి, ఇంట్లో వంట, పిల్లల చదువు, చుట్టాల రాకపోకలు, చివరకు నిద్ర కూడా వాటినే అనుసరిస్తాయి. ఇరవై ఏళ్లపాటు నైట్ షిఫ్టులు చేసిన శరీరానికి ఒక్కసారిగా రాత్రంతా నిద్రపొమ్మంటే అది వినదు. పగలంతా ఖాళీగా ఉంటే మనసు వినదు. పదవీ విరమణను అధ్యయనం చేసిన అమెరికన్ సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ ఆచ్లీ 1976లో ప్రచురించిన గ్రంథంలో దీనిని దశలుగా వివరించాడు: తొలుత స్వేచ్ఛ వల్ల కలిగే ఉల్లాసం, ఆ తరువాత ఆశాభంగం, దాని నుంచి తేరుకొని జీవితాన్ని తిరిగి దిద్దుకోవడం, చివరకు నిలకడ. అందరికీ ఈ దశలన్నీ ఇదే వరుసలో రావలసిన నియమం లేదు. అయినా మొదట్లో తిరుపతి, పూరి, కాశీ యాత్రలతోను, సొంతూరి పెళ్లిళ్లతోను నిండుగా గడిచే రోజులు తరువాత వెలితిగా మారడం వ్యక్తి లోపం కాదని, దాటవలసిన ఒక మజిలీ అని తెలుసుకోవడమే సగం ధైర్యం. తెల్లవారుజామున లేవడానికి, నడవడానికి, చదవడానికి, ఇతరుల కోసం ఏదైనా చేయడానికి రోజులో స్థిరమైన వేళలు పెట్టుకున్నవారు ఆ మజిలీని తొందరగా దాటుతారు.

మూడవది ఇల్లు. టౌన్‌షిప్‌లో సెక్టరు పేరు, వీధి సంఖ్య, క్వార్టరు సంఖ్య కలిస్తేనే చిరునామా. ఆ క్వార్టరు ఉద్యోగంతో ముడిపడినది గనుక ఉద్యోగంతోనే దాని హక్కూ సడలుతుంది. అప్పుడు జాముల్ వంటి చోట సొంత ఇల్లు కట్టుకోవాలా, ఉత్తరాంధ్రలోని పూర్వీకుల ఊరికి వెళ్లాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఊరి మీది మమకారం సహజమైనదే. కాని ఆ ఊరు విడిచి మూడు దశాబ్దాలైనప్పుడు అక్కడి భూమి అన్నదమ్ముల వాటాలుగా విడిపోయి ఉంటుంది, పలకరించే సమవయస్కులు తగ్గి ఉంటారు, ఇక్కడ పుట్టి హిందీ మాధ్యమంలోనో ఇంగ్లీషులోనో చదివిన పిల్లలకు అది సెలవులకు వెళ్లే అమ్మమ్మగారి ఊరు మాత్రమే. ఇంకోవైపు ఇక్కడ తెలిసిన వైద్యులు, సెక్టర్ 9 ఆసుపత్రి, ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగు ఉన్నాయి. 2024 సెప్టెంబరులో దుర్గ్, విశాఖపట్నాల మధ్య వందే భారత్ రైలు కూడా వచ్చిన ఈ రోజుల్లో, ఉన్న ఇల్లు అమ్మి వెళ్లిపోయే ముందు కొన్ని నెలలు ఊళ్లో ఉండి చూడడం సాధ్యమైన పని, వివేకమైన పని.

నాలుగవ పాఠాన్ని ఇంటిలోపలే నేర్చుకోవలసి ఉంటుంది. భర్త ఉద్యోగం మానినంత మాత్రాన భార్య పని తగ్గదు. పైగా అంతవరకు ఆమె ఒక్కతే నడిపిన పగటి ఇంటిలోకి రోజంతా మరో మనిషి వచ్చి చేరతాడు. డ్యూటీలో ఆజ్ఞలు ఇచ్చిన అలవాటు వంటింటి గుమ్మం దగ్గర పనిచేయదు. కూరలు తేవడం, మనవల్ని బడికి దింపడం, బ్యాంకు పనులు చూడడం వంటివి సాయంగా కాక తన వంతుగా స్వీకరించినప్పుడు, జమాఖర్చులు ఇద్దరూ కలిసి రాసుకున్నప్పుడు, ముందస్తు విరమణ దంపతులకు లభించిన అదనపు కాలమవుతుంది. ఇంటిపనికి పదవీ విరమణ ఎన్నడూ లేదన్న నిజాన్ని ఇకనైనా గుర్తించడం పురుషుల ధర్మం.

అయిదవది పేరు. భిలాయిలో మనిషిని పరిచయం చేసేటప్పుడు ఇంటిపేరు వెంటనే ప్లాంటులో ఏ విభాగమో చెబుతారు. బకాయిలు లేవన్న పత్రం తీసుకొని గేట్‌పాస్ అప్పగించిన రోజున ఆ రెండో పరిచయం తొలగిపోతుంది. నలభై ఎనిమిదేళ్లకే అది తొలగినప్పుడు మనిషి తాను ముసలివాడినయ్యానని పొరబడతాడు. వయోపరిమితి పాలనా సౌకర్యం కోసం గీసిన గీత మాత్రమే. 1889లో జర్మనీ వృద్ధాప్య పింఛనుకు 70 ఏళ్లు నిర్ణయించి 1916లో 65కు తగ్గించింది. మన కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలలో 58గా ఉన్నది 1998లో 60 అయింది. గీత జరిగినంత మాత్రాన మనిషిలోని నైపుణ్యం తగ్గదు, పెరగదు. మన సంప్రదాయంలోని వానప్రస్థం కూడా ఇదే సూచిస్తుంది: గృహస్థాశ్రమానికి, సన్న్యాసానికి నడుమ ఉన్న ఆ దశలో మనిషి అధికారాన్ని తరువాతి తరానికి అప్పగిస్తాడు గాని నిత్యకర్మలను, అతిథి సేవను విడిచిపెట్టడు.

ఇక స్లాగ్ సంగతికి తిరిగి రావాలి. ఫర్నేస్ నుంచి మండుతూ వచ్చిన చిట్టెం ఆరుబయట మెల్లగా చల్లారితే లోపల స్ఫటికాలు ఏర్పడి, రాయిలా బిగుసుకొని, రోడ్ల అడుగున పరచడానికి పనికివస్తుంది. అదే చిట్టెంపై నీటిధార వేగంగా కొడితే స్ఫటికాలు కట్టే వ్యవధి లేక గాజు స్వభావంతో ఇసుకలాంటి రేణువులవుతుంది. ఆ రేణువులలో బంధించే శక్తి దాగి ఉంటుంది. అయితే అది తనంత తాను మేల్కొనడం కష్టం; సిమెంటులోని క్లింకర్ నీటితో కలిసినప్పుడు విడుదలయ్యే సున్నం తోడైతేనే స్లాగ్ సిమెంటుగా గట్టిపడుతుంది. తొలి రోజుల్లో దాని బలం నెమ్మదిగా పెరుగుతుంది, కాని నెలలు గడిచినా పెరుగుతూనే ఉంటుంది.

మనిషి పదార్థం కాకపోయినా, ఈ ప్రక్రియలో రెండు మేలిమి సూచనలు ఉన్నాయి. కొలిమి నుంచి బయటపడిన తొలి నెలలను ఊరికే చల్లారనివ్వకూడదు, బయటపడిన తరువాత ఒంటరిగా ఉండకూడదు. వెల్డింగు, ఫిట్టింగు, క్రేను నడపడం, విద్యుత్ మరమ్మతులు తెలిసిన చేతులు పరిసరాల్లోని చిన్న పరిశ్రమలకు, ఐటీఐ విద్యార్థులకు అవసరం. అనుభవం లేని వ్యాపారంలో పరిహారమంతా పెట్టడం కన్నా, తెలిసిన పనిని కొద్ది గంటలు చేయడం, నేర్పడం సురక్షితం, గౌరవప్రదం.

తోడు సమకూర్చే బాధ్యత సమాజానిది. సెక్టర్ 5 బాలాజీ గుడి వంటి చోట్ల ఇప్పటికే కలుసుకుంటున్న తెలుగువారు ఉత్సవాలతో ఆగకుండా, వీఆర్ఎస్ దరఖాస్తుపై సంతకం చేయబోయేవారిని అంతకుముందే విరమించిన దంపతులతో కూర్చోబెట్టి లెక్కలు చూపించే ఏర్పాటు చేయాలి; ఇక్కడి పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పే బాధ్యతను తీరిక దొరికినవారికి అప్పగించాలి. ఆ పలక ముందు కూర్చున్న పిల్లవాడు మాస్టారూ అని పిలిచిన రోజున, గేటు దగ్గర వదిలి వచ్చిన పేరుకు బదులుగా మరో పేరు దొరుకుతుంది. దానికి వయోపరిమితి లేదు.