గృహఋణము, గృహసౌఖ్యము



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న పెద్దలు, కట్టిన పిదప 20 ఏండ్లు నెలనెలా బ్యాంకునకు వాయిదా చెల్లించి చూడుమనలేదు. వారికా ముచ్చట తెలియదు.

గృహఋణపు తొలి సంవత్సరములలో మనము చెల్లించు వాయిదాలో అధికభాగము వడ్డీకే పోవును. అసలు మెల్లగా తరుగును. కావున బోనసుగాని, పంటసొమ్ముగాని, అదనముగా చేతికందిన ధనమును ఆ తొలియేండ్లలోనే అసలుకు జమకట్టినచో, గడువు తీరవచ్చినప్పుడు కట్టినదానికంటె వడ్డీభారము మిక్కిలి తగ్గును. మారుచుండు వడ్డీపై వ్యక్తులు తీసికొనిన గృహఋణమును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయరాదు. ఇది రిజర్వు బ్యాంకు నియమము. వడ్డీరేటు మారినప్పుడు వాయిదా పెంచుకొనుటయో, గడువు పొడిగించుకొనుటయో ఎంచుకొను అవకాశము ఋణగ్రహీతకే ఈయవలెనని 2023లో ఆ బ్యాంకే ఆదేశించినది. అడుగనివారికి గడువు చడిచప్పుడు లేక పెరిగిపోవుట కలదు.

ఇక మరమ్మతులు. వానకు కారు మిద్దె ఆగదు. షాకుకొట్టు వైరింగు ఆగదు. ఫాల్సు సీలింగు ఆగును. పొరుగువారి గృహప్రవేశము చూచివచ్చిన వారమున ఏ నిర్ణయమును చేయకుండుట మేలని నా యభిప్రాయము.

అయితే, అప్పు త్వరగా తీర్చవలెనను ఆతురతలో నిద్రమాని, వైద్యపరీక్షలు వాయిదావేసి, ఆరోగ్యబీమాను సైతము వదలుకొను గృహస్థుని వివేకి యనజాలము. కొన్ని నెలల ఖర్చునకు సరిపడు సొమ్ము ముందు ప్రక్కకుంచుడు. అసలుకు కట్టుట ఆ తరువాత.

ఈ నెలలోనే మీ ఋణఖాతా వివరములను బ్యాంకునుండి తెప్పించుకొని, అసలెంత మిగిలినదో, గడువెంత యున్నదో ఇంటిల్లిపాదియు కూర్చుండి చూడుడు.