నలభై దాటాక మొదలైన ఈత: గోలి శ్యామల గారి కథ

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద పెన్షన్ సవరణ, కరువు భత్యం, మెడికల్ బిల్లులు, నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ గురించే మాట్లాడుకుంటాం. అవి అవసరమే. కానీ ఈసారి కార్యదర్శి గారు "కాస్త వేరే విషయం చెప్పండమ్మా" అన్నారు. అందుకని సముద్రం ఈదిన ఒక తెలుగు స్త్రీ గురించి చెబుతాను. పేరు గోలి శ్యామల. తూర్పు గోదావరి వైపు సామర్లకోట ఆమెది. హైదరాబాదులో స్థిరపడ్డారు. వృత్తి యానిమేషన్ చిత్రాలు తీయడం, రాయడం.

2021 మార్చి 19న, నలభై ఏడేళ్ల వయసులో, ఆమె శ్రీలంకలోని తలైమన్నారు వైపు నుంచి తెల్లవారకముందే నీళ్లలోకి దిగి, సాయంత్రానికి మన ధనుష్కోటి దగ్గర గట్టెక్కారు. దూరం సుమారు 30 కిలోమీటర్లు. పట్టిన సమయం 13 గంటల 43 నిమిషాలు. బులా చౌదరి తరువాత ఆ జలసంధిని ఈదిన రెండవ మహిళ అని పత్రికలు రాశాయి.

మన అకౌంట్స్ వారి అలవాటు కొద్దీ లెక్క వేశాను. గంటకు రెండు కిలోమీటర్ల పైచిలుకు. మనలో చాలామంది ఉదయం నడక అంతకంటే వేగం! అయితే ఆ నడకను తెల్లవారుజాము నుంచి దీపాలు పెట్టేవేళ దాకా, ఎక్కడా కూర్చోకుండా, ఉప్పునీరు నోట్లోకి పోతుండగా చేయాలి. పక్కన పడవ వస్తూనే ఉంటుంది. కానీ ఇలాంటి ఈతల నియమం ప్రకారం దాన్ని పట్టుకోకూడదు. పట్టుకుంటే ఈత అక్కడితో ఆగిపోయినట్టే. తిండీ నీళ్లూ పడవలోంచి అందిస్తారు, ఈదేవారు నీళ్లలోనే తేలుతూ రెండు గుక్కలు తాగి సాగిపోవాలి. ప్రవాహం పక్కకు నెడితే పటం మీది 30 కిలోమీటర్లు చేతులకు ఇంకా ఎక్కువవుతాయి. రెండు దేశాల సరిహద్దు మధ్యలో ఉంది కాబట్టి ఇద్దరి అనుమతులూ కావాలి. ఫైళ్లు కదలడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మార్చి నెల ఎందుకో కూడా మన రేంజి వారికి తెలుసు. ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయి, నైరుతి ఇంకా రాక, సముద్రం కాస్త నెమ్మదిగా ఉండే రోజులవి.

ఈ జలసంధికి పాత చరిత్ర ఉంది. 1958లో ఇంగ్లీషు ఛానెల్ ఈదిన తొలి భారతీయుడు మిహిర్ సేన్, వృత్తిరీత్యా బారిస్టరు, 1966 ఏప్రిల్‌లో దీన్ని ఈదారు. ఆయనకు ఇరవై అయిదు గంటల పైనే పట్టింది. అప్పటికి ధనుష్కోటి ఊరు లేదు. 1964 డిసెంబరు తుఫాను దాన్ని తుడిచిపెట్టింది. 2012లో పోలీసు ఉన్నతాధికారి రాజీవ్ త్రివేది గారు కూడా ఈదారు.

ఇక బులా చౌదరి. ఆమె బెంగాల్ బిడ్డ, హుగ్లీ ఒడ్డున పుట్టారు. చిన్నతనంలోనే జాతీయ పోటీల్లో గెలిచారు, 1990లో అర్జున అవార్డు అందుకున్నారు, ఇంగ్లీషు ఛానెల్‌ను 1989లోనూ 1999లోనూ రెండుసార్లు ఈదారు. 2004లో ఈ జలసంధిని 13 గంటల 52 నిమిషాల్లో దాటారు. అంటే శ్యామల గారి సమయం తొమ్మిది నిమిషాలు తక్కువ. దీన్ని పట్టుకుని ఎవరు గొప్ప అని తేల్చబోతే నేను ఒప్పుకోను. సముద్రం ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు.

నన్ను పట్టుకున్న తేడా వేరే ఉంది. బులా గారు నడక వచ్చిన కొన్నేళ్లకే నీళ్లలో పెరిగిన మనిషి. శ్యామల గారు ధనుష్కోటి చేరేనాటికి ఈత మొదలుపెట్టి నాలుగేళ్లే. నలభై దాటాక, ఇల్లూ వృత్తీ అన్నీ ఉన్నాక నేర్చుకున్నారు. ఆమె కొలనులో యాభై మీటర్ల పరుగుపందెం లాంటి ఛాంపియన్ కాదు కదా అని మా వారు అన్నారు. కాదు. కానీ ఆ వయసులో మొదలుపెట్టి అంత దూరం వెళ్లినవారికి ఛాంపియన్ అనే మాట ఇవ్వకపోతే, ఆ మాటను పిల్లలకే రాసిచ్చినట్టవుతుంది.

అక్కడితో ఆగలేదు. లక్షద్వీప్ దీవుల మధ్య ఈదారు. ఆ తరువాత 2024 డిసెంబరు చివర విశాఖలో దిగి, మన కోస్తా వెంటే విడతలుగా 150 కిలోమీటర్లు ఈదుకుంటూ 2025 జనవరి మొదటి వారంలో కాకినాడ చేరారు. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. విశాఖ నుంచి కాకినాడ దాకా మనం రైల్లో కిటికీ పక్క కూర్చుని పల్లీలు తింటూ పోయే దూరమది.

ఇప్పుడు మన మాటకు వస్తాను. సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా పోయే రోడ్డు మీద మనం ఎన్ని వేలసార్లు తిరిగాం! దీవికి ఒక పక్క సరస్సు, మరో పక్క బంగాళాఖాతం. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్.ఎల్.వి. ఆ సముద్రంలోనే పడింది, మరుసటి ఏడు జులై 18న రోహిణి కక్ష్యలోకి వెళ్లింది. ఆ నీళ్లను చూసి ఏడ్చినవాళ్లం, నవ్వినవాళ్లం. కానీ అక్కయ్యలూ, వదినలూ, మనలో ఎంతమందికి ఈత వచ్చు? ఈ దీవి యానాదుల పిల్లలు నీళ్లలో చేపల్లా తిరుగుతుంటే చూశాం. మనం కార్తీక స్నానానికి మోకాలి లోతు దిగి మూడు మునకలు వేసి వచ్చాం. మగపిల్లలను ఈత నేర్చుకోమని పంపాం. ఆడపిల్లల దగ్గరకొచ్చేసరికి బట్టలు, జుట్టు, నలుగురూ చూడటం అన్నీ అడ్డొచ్చాయి.

రిటైరయ్యాక మోకాళ్లు అరిగాయని డాక్టరు గారు నీళ్లలో వ్యాయామం చేయమంటే, నేను ఒక ఊళ్లో కొలను దగ్గరకు వెళ్లాను. కౌంటరులో అబ్బాయి నన్ను పైనుంచి కిందికి చూసి, "మనవణ్ణి చేర్పించాలా మామ్మగారూ?" అన్నాడు. నాకేనని చెప్పాను. పెద్ద ఆడవాళ్లకు వేళ లేదన్నాడు. నాలుగు నెలలు తిరిగితే వారానికి రెండు రోజులు మధ్యాహ్నం పన్నెండింటికి ఇచ్చారు, ఎండ నెత్తి మీద ఉండగా! అయినా వెళ్లాను. ఇప్పుడు నేను గోడ పట్టుకోకుండా కొలను అడ్డంగా దాటగలను. నిలువుగా ఇంకా రాలేదు. నీళ్లలో మోకాలి మీద బరువు పడదు, మెట్లు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తోంది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఈ కథ విని ఎవరూ మన తీరంలో సముద్రంలోకి దిగవద్దు. అల విరిగాక నీరు వెనక్కి లాగే చోట ఈత వచ్చినవారే పోయారు. శ్యామల గారి పక్కన పడవ ఉంది, శిక్షణ ఇచ్చినవారున్నారు, వెనక నాలుగేళ్ల సాధన ఉంది. మనకు నడుము లోతు కొలను చాలు. బీపీ, గుండె జబ్బు ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

పదిహేను మంది ఆడవాళ్లు కలిసి అడిగితే ఉదయం ఏడింటి వేళ ఇస్తామని కొలను నడిపేవారు నాతో అన్నారు. ఇప్పటికి తొమ్మిది పేర్లు వచ్చాయి. అందులో ఇద్దరికి డెబ్బై దాటాయి. భోజనాల తరువాత రిజిస్టరు పట్టుకుని నేను ద్వారం దగ్గరే కూర్చుంటాను. మగవారు తమ ఇంటి ఆడవాళ్ల తరఫున సంతకం పెట్టడం కుదరదు, వాళ్లనే పంపండి.

సెలవు.